కొయ్యని పేజీలు

మా పై వాటాలో ఉండే అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. పోయిన వారం ఆమెకొక పార్సెలు వస్తే, ఇంట్లో లేదని కొరియరు అతను నా చేతికిచ్చి వెళ్ళాడు. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి నా ముందే విప్పింది. లోపల నల్లటి అట్టపెట్టె, దానిమీద వెండిరంగు పుర్రె, ఒక మూల చిన్న అంకె. పాత ఫ్రెంచి భయానక కథలట, ఇంగ్లీషులోకి మార్చి, కొద్ది ప్రతులే వేసి, ఒక్కొక్కదానికీ వరస సంఖ్య ఇచ్చి అమ్ముతున్నారట. పెట్టె చుట్టూ పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి ఉంది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీసుకుని, మురిసిపోయి, మళ్ళీ జాగ్రత్తగా గుడ్డలో చుట్టబోతుంటే ఉండబట్టలేక అడిగాను.

"ఆ ప్లాస్టిక్ చించవా అమ్మాయ్? మరి చదివేదెట్లా?"

"అయ్యో, చించితే విలువ పోతుందండీ ఆంటీ. ఇది దాచుకోడానికి. చదవాలంటే ఫోన్లో ఉన్నాయిగా."

"ఫోన్లో చదివావా మరి?"

"టైమేదండీ!" అని నవ్వేసి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మంచి పిల్ల. పండ్లు కొనుక్కొస్తే నాకూ నాలుగు ఇచ్చి వెళ్తుంది. ఆమెమీద నాకేం కోపం లేదు. కాని ఆ రాత్రి అన్నం సయించలేదు. ఫ్రెంచి కథలు, వరస సంఖ్యలు, 'దాచుకోడానికి' అన్న ఆ మాట, ఈ మూడూ కలిపి ఒక్కసారి వినేసరికి, ఎప్పుడో మింగేశాననుకున్న చేదు మళ్ళీ గొంతులోకి వచ్చింది. నా ఈడువాళ్ళకి చెప్పుకుంటే అర్థమవుతుందని చెప్పుకుంటున్నాను.

మా తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కదా. ఎందుకంటారని అడిగితే ఒకరు నాటకాలంటారు, ఒకరు షోకులంటారు, ఇంకొకరు ఊరి మధ్యలోంచి పారే కాలవలంటారు. మా ఇంట్లో మాత్రం ఆ పేరుకి ఒక్కటే ఆధారం, మా బాబాయి. నాన్నగారి తమ్ముడు. మీసాలు మొలవకముందే యానాం వెళ్ళి, అక్కడొక ఫ్రెంచి వర్తకుడి దగ్గర గుమాస్తాగా చేరి, ఆ భాష వంటబట్టించుకుని, ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక ఒక రేకుపెట్టెతో తెనాలి వచ్చేశాడు. దొరల కొలువు చేసొచ్చినవాడి పెట్టె కదా, ఏముందోనని మా నాయనమ్మ ఆశగా తెరిపిస్తే, నిండా అట్టలూడిన పుస్తకాలు. అందులోనూ అన్నీ శవాలూ, ఉరికొయ్యలూ, పిచ్చాసుపత్రులూ, సమాధుల్లోంచి వినబడే చప్పుళ్ళూ. కథలేమిటో తెలిశాక నాయనమ్మ ఆ గదిలో పసుపునీళ్ళు చల్లించింది. బాబాయి పెళ్ళి చేసుకోలేదు. ఆ పుస్తకాలే సంసారమయ్యాయి.

బోసురోడ్డు వెనక సందులో ఒక అచ్చాఫీసులో బాబాయి ప్రూఫులు దిద్దేవాడు. ఆ రోజుల్లో తెనాలిలో అచ్చాఫీసు లేని సందు ఉండేది కాదు. వీళ్ళు వేసేవన్నీ డిటెక్టివు నవలలు. రైలు ఎక్కేవాళ్ళు వేరుశనక్కాయల పొట్లంతోపాటు ఒకటి కొనుక్కుని, దిగేటప్పుడు సీటుమీదే వదిలేసి పోయేవారు. యజమాని దయగలవాడు, పనిలేని వేళల్లో మిషను వాడుకోమన్నాడు. అట్లా మొదలైంది బాబాయి పుస్తకాల సంగతి. ఏడాదికొక్క పుస్తకం, తను తెలుగు చేసిన నాలుగైదు ఫ్రెంచి కథలు, వందకు మించకుండా ప్రతులు. కాగితం మద్రాసునుంచి తెప్పించేవాడు. అట్టకి చీరాల నేతగుడ్డ, నేరేడుపండు రంగుది, తనే మగ్గాలవాళ్ళ దగ్గరికి వెళ్ళి తెచ్చేవాడు. బొమ్మలు నాటకాల తెరలు రాసే ఆయన గీసేవారు. అందుకే ఆ ఫ్రెంచి శ్మశానాలన్నీ కాస్త హరిశ్చంద్ర నాటకంలో కాటిలాగే ఉండేవి. వెనకట్ట లోపల ఒక చిన్న కాగితం అతికించి, దానిమీద ఎర్రసిరాతో వరస అంకె వేసే పని నాది, నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని. ఒకటో నంబరు ప్రతి ఎప్పుడూ నాకే.

ఆ పుస్తకాలకి ఒక చిత్రమైన పద్ధతి ఉండేది. ఫ్రాన్సులో పూర్వం పెద్ద కాగితాన్ని మడతలుపెట్టి కుట్టి, అంచులు కొయ్యకుండానే పాఠకుడికిచ్చేవారట. చదివేవాడు చాకు చేతబట్టుకుని, ఒక్కొక్క మడతా కోసుకుంటూ ముందుకు పోవాలి. బాబాయి మన దగ్గరా అదే పట్టుబట్టాడు. భయం కథ చదివేవాడికి అంతకన్నా ఏం కావాలి, తరవాతి పేజీలో ఏముందో తెలియాలంటే చేతిలో కత్తి ఉండాలి అనేవాడు. నేను వంటింట్లో కూరగాయల చాకు తెచ్చుకునేదాన్ని. నా పుస్తకాల అంచులు ఇప్పటికీ ఎలకలు కొరికినట్టుంటాయి.

ఒక్కోమాటకి ఆయన పడే యాతన చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. చనిపోయినవాణ్ణి కాల్చేసి కాలవలో కలిపేసే ఇంటివాళ్ళకి సమాధిలో మెలకువొచ్చిన మనిషి గుబులు ఎట్లా తెలియజెప్పాలని రోజులకు రోజులు వసారాలో పచార్లు చేసేవాడు. ఒకసారి పొగమంచు గురించి ఒక వాక్యం కుదరక, ధనుర్మాసంలో నన్ను తెల్లవారుజామున లేపి రేపల్లె బండి ఎక్కించి, వేమూరు దాటాక పొలాలమీద మంచు పట్టి ఉంటే చూపించి, ఏమనిపిస్తుందే అమ్మడూ అని అడిగాడు. చలేస్తోందన్నాను. ఆ కథలో ఇప్పటికీ 'చలి ముందు వచ్చింది, మంచు తరవాత కనబడింది' అనే వాక్యం ఉంది. అది నాదేనని చాలా ఏళ్ళు గొప్పలు చెప్పుకున్నాను.

ఆ పుస్తకాలు కొట్లలో దొరికేవి కావు. కావలసినవాళ్ళకి బాబాయి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చేవాడు, సెలవురోజుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. తెనాలిలో కొందరు, బాపట్లలో కొందరు, రేపల్లెలో కొందరు. చీరాల ఇవతల కారంచేడులో ఒక పెద్ద రైతు కూడా తీసుకునేవాడు. బాపట్లలో ఒక వకీలుగారి భార్య, భర్త పోయినావిడ, వేటపాలెం జీడిపప్పు పళ్ళెంలో పోసి ముందర పెట్టి, కథలు తలుచుకుని భుజాలు వణికించేది. రేపల్లెలో రైల్వే గార్డుగారుండేవారు. బండి ఆగినచోటల్లా పచ్చజెండా చంకలో పెట్టుకుని ఒక పేజీ కోసుకునేవారు. బాబాయి నియమం ఒకటే. కిందటేటి పుస్తకంలో ఏ కథ ఎక్కడ పట్టుకుందో చెప్పినవాళ్ళకే ఈ ఏటి పుస్తకం. చెప్పలేకపోతే, ఇంకా చదవలేదన్నమాట, తొందరేముందండీ, చదివాకే ఇస్తాను అని నవ్వుతూ తిరిగొచ్చేసేవాడు. అట్లా సిగ్గుపడి చదివినవాళ్ళూ ఉన్నారు.

బాపట్లలో అట్లా చెప్పినవాళ్ళందరిలోకీ బాగా చెప్పినాయన, గవర్నమెంటు ఆఫీసులో పనిచేసే ఒక యువకుడు. ప్రతి కథ ముగింపూ పొల్లుపోకుండా చెప్పేవాడు. ఆఖరి వాక్యంలో ఫలానా మాట వేశారే, దాని తరవాత నాకు నిద్రపట్టలేదండీ అంటే, బాబాయి ఇంటికొచ్చి అదే మాట మా అమ్మకి చెప్పి, ఇంకా నాన్నగారికి చెప్పి, అట్లాంటి పాఠకుడు దొరకడం పూర్వజన్మ పుణ్యమని మురిసిపోయాడు. నాకు ఈడొచ్చాక ఆ సంబంధం బాబాయే కుదిర్చాడు. ఆ యువకుడే మావారు.

కాపరానికి వెళ్ళిన కొత్తలో నేను మొట్టమొదట వెతుక్కున్నది ఆయన పుస్తకాల బీరువానే. గాజు తలుపులు, ఇత్తడి తాళం. నేరేడు రంగు అట్టలన్నీ వరసగా, మరక లేకుండా, నిన్న తెచ్చినట్టున్నాయి. ఇంత శుభ్రంగా ఎట్లా చదివారా అని ఆశ్చర్యపోతూ ఒకటి తీసి తెరిస్తే పేజీ విడలేదు. రెండోది తెరిచాను. అదీ అంతే. ఒక్క మడత కూడా కొయ్యలేదు. ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు, ఏమాత్రం తడబడలేదు.

"కొస్తే పాడైపోవూ? నీ పుస్తకాలు చూడు, ఎట్లా తయారయ్యాయో."

"మరి బాబాయికి అన్నీ అంత బాగా చెప్పేవారు!"

"ఆఖరి పేజీ కొంచెం వంచి మడతలోంచి చూస్తే కనిపిస్తుందోయ్" అని, ఒక పుస్తకం తీసి, కన్ను దగ్గరగా పెట్టి ఎట్లా చూడాలో నాకు చూపించారు కూడా.

మావారు చెడ్డవారు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు, జ్వరమొస్తే తలదగ్గరే కూర్చునేవారు. కాని ఆ రోజు ఆ పుస్తకాన్ని కంటిదగ్గర పెట్టుకుని తలుపుసందులోంచి చూసేవాడిలా చూస్తున్న ఆయన్ని చూసి నా లోపల ఏదో చల్లబడిపోయింది, అది మళ్ళీ వేడెక్కలేదు. బాబాయికి చెప్పలేదు. ఆయన పూర్వజన్మ పుణ్యాన్ని నా నోటితో ఎట్లా చెరిపెయ్యను?

తరవాత పిల్లలు, బదిలీలు, మళ్ళీ బాపట్ల. ఏళ్ళు గడిచేకొద్దీ మావారి బీరువాకి పేరొచ్చింది. ఎవరెవరో వచ్చి చూసేవారు, ఆయన తాళం తీసి, చేతులు తుడుచుకుని, దూరంనుంచే చూపించేవారు. వచ్చినవాళ్ళూ అట్లాంటివాళ్ళే. ఏ ఏటిది ఎవరి దగ్గరుంది, ఎవరి ప్రతికి ఏ అంకె ఉంది, ఎవరిది కొయ్యనిది, ఇవే మాటలు. ఏ కథ ఎట్లా ఉందన్న మాట మా ఇంటి వరండాలో నేనెన్నడూ వినలేదు. నేను కాఫీలిచ్చేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, ఆ మూడో పుస్తకంలో అద్దాల కథ చదివారా అండీ అని ఒకాయన్ని అడిగితే, ఆయన నావైపు జాలిగా చూసి, మాది కొయ్యని ప్రతమ్మా అన్నాడు.

ఈలోగా కాలం మారింది. తెనాలి సందుల్లో అచ్చాఫీసులు ఒక్కొక్కటే తలుపులు వేసుకున్నాయి. బాబాయి యజమాని కూడా మిషను అమ్మేస్తానని చెబితే, ఇంకొక్క పుస్తకం వేసుకోనివ్వండని బతిమాలి ఆఖరిది వేశాడు. అప్పటికే ఆయనకి కళ్ళలో నీటికాసులు ముదిరి, ప్రూఫులు భూతద్దం పెట్టుకుని దిద్దాడు. ఒకటో నంబరు ప్రతి ఎప్పటిలాగే నాకోసం తీసి ఉంచితే, పనిమీద తెనాలి వెళ్ళిన మావారు దాన్ని తెచ్చి, నా చేతికివ్వకుండా నేరుగా బీరువాలో పెట్టేశారు. సెట్టు పూర్తయింది, ఇదొక్కటైనా శుభ్రంగా ఉండనీ అన్నారు. అడిగినప్పుడల్లా చూద్దాంలే అనేవారు. ఆ ఏడు పుస్తకమిచ్చేముందు బాబాయి ఎవరినీ ఏమీ అడగలేదు. ఎవరింటికీ వెళ్ళలేదు, వెళ్ళే చూపు లేదు. కావలసినవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. మిగిలిన ఒకటి రెండు, ఆయన సొంత ప్రతితో, రాతకాగితాలతో సహా, వానాకాలంలో పెంకుల్లోంచి కారిన నీళ్ళకి ముద్దయిపోయాయి. రేకుపెట్టెలో ఫ్రెంచి పుస్తకాలకి అంతకుముందే చెద పట్టింది.

చూపు పూర్తిగా పోయాక వారంవారం ప్యాసింజరు ఎక్కి తెనాలి వెళ్ళి, నా పాత పుస్తకాలు ఒక్కొక్కటే చదివి వినిపించేదాన్ని. పడకకుర్చీలో కళ్ళు మూసుకుని, తన వాక్యాలు తనే మొదటిసారి వింటున్నట్టు వినేవాడు. కొన్నిచోట్ల, ఈ మాట ఎవడు వేశాడే, బాగా వేశాడు అనేవాడు. అన్నీ అయిపోయాయి. ఆ తరవాత ఒకరోజు అడిగాడు.

"ఆఖరి పుస్తకంలో ఆఖరి కథ ఒక్కటి వినాలనుందమ్మడూ. ఫ్రెంచిలో ఉన్న ముగింపు నచ్చక, నా సొంతంగా నాలుగైదుసార్లు తిరగరాశాను. చివరికి ఏది ఉంచానో గుర్తు రావట్లేదు. అల్లుడుగారి దగ్గరుందిగా, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా."

ఇంటికెళ్ళి మావారిని అడిగాను.

"ఏమండీ, బాబాయి అడుగుతున్నాడు. ఆ పుస్తకం ఒక్కసారి ఇవ్వండి. చదివి వినిపించి తెచ్చేస్తాను."

"ఇస్తే కొయ్యాలి కదోయ్."

"కొయ్యకుండా ఎట్లా చదువుతానండీ?"

"అదేగా నేనంటున్నది. మొత్తం కొయ్యని సెట్టు ఇంకెక్కడా లేదు, నాదొక్కటే మిగిలింది. అయినా రాసినాయనకి మళ్ళీ వినడమెందుకు? కథ ఆయనకి తెలిసిందేగా."

"కళ్ళు లేవండీ ఆయనకి."

"నేను కాదన్నానా? నువ్వు చదివినవే ఇంకోసారి చదువు. ఆయనకేం తెలుస్తుంది?"

ఆ మాటతో ఇంక ఆయన్ని అడిగి లాభం లేదని తెలిసింది. మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి, బీరువా తెరిచి, ఆ పుస్తకం సంచిలో వేసుకుని, వంటింట్లో చాకు కూడా పెట్టుకుని స్టేషనుకి నడిచాను. ఇన్నేళ్ళయినా అది తప్పని నాకనిపించలేదు.

తెనాలి చేరేసరికి మధ్యాహ్నమైంది. బాబాయి ఎదురుచూస్తున్నాడు, ఉతికిన పంచె కట్టుకుని. స్టూలు దగ్గరగా జరుపుకుని పుస్తకం తెరిచి ఆఖరి కథ మొదటి మడతలో చాకు పెట్టాను. మందపు కాగితం, సర్రుమని తెగింది. రెండో మడత. మూడోది. బాబాయి తల ఇటు తిప్పాడు.

"ఏంటమ్మడూ ఆ చప్పుడు?"

నాకు అప్పుడు తట్టింది. ఆయనకి కళ్ళు లేవు కాని చెవులున్నాయని, ఆ చప్పుడు ఆయనకి తెలిసినట్టు ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదని, చాకు సంచిలో పెట్టుకున్నప్పుడే ఆలోచించి ఉండవలసింది.

"అల్లుడుగారి పుస్తకమేనా?"

"అవును బాబాయ్."

"ఇప్పుడు కోస్తున్నావే!"

బాబాయి చెయ్యి చాపాడు. పుస్తకం ఆ చేతిలో పెట్టాను. కొయ్యని మడతలమీద వేళ్ళు పెట్టి, ఒక చివరనుంచి ఇంకో చివరికి మెల్లగా తడుముకుంటూ పోయాడు.

"మిగతావి కూడా ఇట్లాగేనా?"

"అన్నీ ఇట్లాగే బాబాయ్."

"మరి ప్రతి ముగింపూ ఎంత చక్కగా చెప్పేవాడు!"

"ఆఖరి పేజీ మడతలోంచి చూసేవారు."

వీధిలో ఎవరో ఐసు అమ్ముకుంటూ గంట కొట్టుకుంటూ వెళ్ళారు. ఆ గంట వినబడనంత దూరం పోయాక పుస్తకం నాకు తిరిగిచ్చి, "నిన్నిచ్చానే వాడికి" అన్నాడు. ఆ తరవాత, "చదువు" అన్నాడు.

చదివాను. సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు. శవపేటికలు చేసే వడ్రంగి ఒకడు. ఎవరో తెలియని మనిషి ఒక చీటీమీద కొలతలు పంపి పెట్టె చెయ్యమంటాడు. అచ్చంగా వడ్రంగి కొలతలే అవి. వాడు నవ్వుకుని, సరిపోతుందో లేదో చూద్దామని పని పూర్తయ్యాక అందులో పడుకుంటాడు. పైనుంచి మూత నెమ్మదిగా జరుగుతుంది. మూతమీద ఎవరో కొలబద్దతో తడుతుంటారు. అక్కడికి ఆ మడత అయిపోయింది. బాబాయి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. నేను తరవాతి మడత కోసి, అదే ఊపులో పైకి చదివేశాను.

"'కదిలితే కాల్చేస్తాను!' అన్నాడు డిటెక్టివు, రివాల్వరు గురిపెట్టి."

ఇద్దరం ఆగిపోయాం. పేజీ తిప్పాను. అక్కడా అదే డిటెక్టివు, కారులో ఒక అందగత్తెని తరుముతున్నాడు. ఇంకా కోశాను. చివరిదాకా అదే. వెనకట్ట లోపల మాత్రం ఎర్రసిరాతో బాబాయి వేసిన ఒకటో అంకె. పుస్తకం కుట్టేటప్పుడు, ఒకే కొలత కాగితాలు కదా, ఆఖరి ఫారం, అంటే ఆఖరి పేజీల కట్ట బదులు, పక్క బొత్తిలో ఉన్న డిటెక్టివు నవల ఫారం కుట్టేశారు. చూపు మందగించిన బాబాయికి తెలియలేదు. అచ్చాఫీసు మూసే హడావుడిలో ఇంకెవరూ చూడలేదు.

బాబాయి నవ్వడం మొదలుపెట్టాడు. వినడానికి బాగాలేదు ఆ నవ్వు.

"మన ఫారం ఏ బజ్జీల కొట్టుకి పొట్లాలకి పోయి ఉంటుందే. పోనీలే, అక్కడైనా ఎవడో నూనె తుడుచుకుని చదివి ఉంటాడు." నవ్వు ఆగాక అన్నాడు, "అన్ని ప్రతుల్లోనూ ఇంతేనా? అయితే ఒక్కళ్ళూ చెప్పలేదే నాకు! ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు కూడా!"

ఇంటికెళ్ళేసరికి మావారు బీరువాముందు కూర్చుని ఉన్నారు, పొద్దుటినుంచీ అన్నం తినలేదట. కోసిన పుస్తకం చేతిలో పెడితే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. బిడ్డకి దెబ్బ తగిలినట్టు ఆ అంచులు నిమురుతుంటే, నేను జరిగింది చెప్పాను. ఆఖరి కథ అందులో లేదని, దాని బదులు ఏముందో, బాబాయి ఎట్లా నవ్వాడో అంతా చెప్పాను. ఆయన మెల్లగా తలెత్తారు. పేజీలు గబగబా తిప్పారు. మొహం విప్పారింది.

"తప్పు ఫారం పడ్డ ప్రతా! అందులోనూ ఒకటో నంబరు! నీకు తెలియదోయ్, ఇట్లాంటిది ఎవరిదగ్గరా ఉండదు. కోసినా పరవాలేదు దీన్ని, కోస్తేనేగా తెలిసేది!"

లేచి వెళ్ళి అన్నం పెట్టమన్నారు. పెట్టాను.

మిగతావాళ్ళ ప్రతులు చూసి రమ్మని బాబాయి కోరాడు. ఎవరిదగ్గరున్నాయి చూడటానికి? వకీలుగారి భార్య పోయింది, ఇల్లు చేతులు మారింది. కారంచేడు ప్రతి ఏమైందో వాళ్ళకే తెలియదు. మా వరండాలో కూర్చునే పెద్దమనుషులు కొయ్యనివ్వరు. రేపల్లె వెళ్ళాను. గార్డుగారు రిటైరయి స్టేషను దగ్గరే ఉంటున్నారు. విషయం చెప్పకముందే ఆయన లోపలికి వెళ్ళి ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. చివరిదాకా కోసి ఉంది. అదే డిటెక్టివు, అదే రివాల్వరు.

"వచ్చిన వారంలోనే చదివేశానమ్మా. ఈ ముక్క చెబ్దామనే తెనాలి వచ్చాను. మీ బాబాయిగారు గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, 'ఎట్లా ఉందండీ మా ఆఖరి కథ' అన్నారు. మళ్ళీ అచ్చేసే ఓపిక లేదు, చూపు లేదు, అచ్చాఫీసూ లేదు. ఏం చెప్పమంటావమ్మా? బ్రహ్మాండమండీ అన్నాను. బయటికొచ్చి ప్లాట్‌ఫారంమీద కూర్చుని ఏడ్చాను."

తిరిగొచ్చి బాబాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంక ఆయన దగ్గర దాచడానికి నాకు ఓపిక లేకపోయింది. విని, "ఆయన చదివి అబద్ధమాడాడు, అది వేరు" అన్నాడు.

ఆ తరవాత నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ కథ ముగింపు చెప్పడానికి ప్రయత్నించేవాడు. ఒక వారం వడ్రంగి లోపలినుంచి నవ్వుతాడు. ఇంకో వారం మూత తీస్తే పెట్టె ఖాళీగా ఉంటుంది. మరో వారం తడుతున్నది వాడి భార్య. ప్రతిసారీ మధ్యలో ఆగి, కాదు, ఇది కొట్టేసిందనుకుంటా, ఉంచింది ఇది కాదు, ఆ ఆఖరి వాక్యం ఇంకా చిన్నది అనేవాడు. ఏ రాత్రో గుర్తొస్తుందని నేను కాగితం పక్కన పెట్టి వచ్చేదాన్ని, పొరుగింటివాళ్ళకి చెప్పి. గుర్తు రాలేదు. ఆ వానాకాలం దాటలేదు బాబాయి.

నెల తిరక్కుండా తెనాలిలో సంతాపసభ పెట్టారు. హాలు నిండింది. చూపు పోయాక ఒక్కసారైనా బాబాయి గుమ్మం తొక్కనివాళ్ళందరూ వచ్చారు, తమతమ దగ్గరున్న పుస్తకాలు తెచ్చి, వేదికముందు బల్లమీద వరసగా పేర్చారు, ముట్టుకోవద్దని ఒక చీటీ రాసి. మావారిని వేదికమీద కూర్చోబెట్టారు, అల్లుడు కదా, అందరికన్నా పెద్ద సెట్టు ఉన్నాయన కూడా. ఆయన లేచి ఆఖరి కథ గురించి మాట్లాడారు. ఎంతసేపు మాట్లాడారో! తెలుగులో అట్లాంటి ముగింపు రాలేదన్నారు. ఆఖరి వాక్యం దగ్గర తన గుండె ఆగినంత పనైందని, ఆ రాత్రంతా దీపం ఆర్పలేదని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నాకు రెండు వరసల అవతల గార్డుగారు కూర్చుని ఉన్నారు. ఆయన నావైపు చూశారు, నేను ఆయనవైపు చూశాను. చప్పట్లు కొట్టనివాళ్ళం ఆ హాలులో మేమిద్దరమే.

నేను లేచి నిలబడి అరిచి ఉండొచ్చు. ఏమని అరవను? ఆ కథ లేదనా? లేదని అందరికీ తెలియాలంటే వాళ్ళలో ఒక్కరైనా చదివి ఉండాలిగా.

మావారూ పోయి చాలా ఏళ్ళయింది, గార్డుగారూ పోయారు. ఆ బీరువా హైదరాబాదులో ఎవరి ఇంట్లోనో ఉందట. ఆఖరి పుస్తకాన్ని ప్రత్యేకంగా చూపిస్తారట, ఆ డిటెక్టివు పేజీల కోసమే. నేను మళ్ళీ తెనాలి చేరాను. నా పాత పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి, నూనె మరకలతో, పసుపు వేలిముద్రలతో, ఎగుడుదిగుడు అంచులతో. ఎవరైనా అడిగితే ఇస్తాను. అడిగినవాళ్ళు లేరు.

ఈమధ్య మావారిమీద నా కోపం కాస్త తగ్గింది. తగ్గడానికి కారణం క్షమ కాదు. ఆ రోజుల్లో చదవకపోవడం ఒక సిగ్గు. ఆ సిగ్గు ఉండబట్టే ఆయన పుస్తకం వంచి, కన్ను నలుపుకుంటూ, మడతలోంచి ఒక్క పేజీ అయినా చదివారు. అన్నీ కలిపితే ఆ ఆఖరి పేజీలు ఒక పాతిక దాకా ఉంటాయేమో, అంతమేరకు బాబాయి కష్టం ఆయన కంటబడింది. ఇప్పుడు ఆ సిగ్గు కూడా ఎవరికీ లేదు. చదివినట్టు నటించవలసిన అవసరమే లేకుండా పోయింది. అడిగేవాడు లేడు కనక చెప్పేవాడూ లేడు.

ఒక్కోసారి మధ్యాహ్నంపూట ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ వడ్రంగి గుర్తొస్తాడు. పెట్టెలో పడుకుని ఉంటాడు, మూతమీద కొలబద్ద చప్పుడవుతూ ఉంటుంది. ఆ తరవాత ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.